గుండె లయ తప్పిన వ్యోమగామి: డీక్ స్లేటన్ 16 ఏళ్ల నిరీక్షణ

1962 మార్చి 15న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, భూమి చుట్టూ తిరిగి రావడానికి సిద్ధంగా ఉన్న ఒక వ్యోమగామిని ఆ ప్రయాణం నుంచి తప్పించింది. ఆయన తప్పేమీ చేయలేదు. శిక్షణలో వెనకబడలేదు. పరుగులో, ఈతలో, విమానం నడపడంలో తోటివారికి ఏమాత్రం తీసిపోలేదు. కాకపోతే ఆయన గుండె అప్పుడప్పుడు లయ తప్పుతుంది. ఆ సంగతి ఈసీజీ కాగితం చూసిన వైద్యులు చెబితే తప్ప బయటివారికి తెలిసే అవకాశమే లేదు.

ఆయన పేరు డొనాల్డ్ కెంట్ స్లేటన్. పేరులోని మొదటి అక్షరాలు డి, కె కలిపి సహ పైలట్లు పిలిచిన ‘డీక్’ అనే పేరే చివరిదాకా నిలిచింది. ఇటీవలి ఏళ్లలో అంగీకార పత్రం మీద సంతకం పెట్టి 80, 90 ఏళ్లవారు కూడా అంతరిక్షపు అంచు చూసి వచ్చారు. ఎవరిని ఎక్కించాలి, ఎవరిని ఆపాలి, ఆ నిర్ణయం డాక్టరుదా, కంపెనీదా, ప్రయాణికుడిదా అన్న చర్చ నడుస్తోంది. ఆ ప్రశ్నలన్నీ దాదాపు మొదటగా ఎదురైన మనిషి స్లేటన్. పరీక్షకు కూర్చున్నవాడూ ఆయనే, ఆ తర్వాత పరీక్ష పెట్టే వైపు కూర్చున్నవాడూ ఆయనే, చివరికి ప్రైవేటు రాకెట్ కంపెనీ నడిపినవాడూ ఆయనే.

వేలు లేని పైలట్

స్లేటన్ 1924 మార్చి 1న విస్కాన్సిన్ రాష్ట్రంలోని స్పార్టా దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. ఐదేళ్ల వయసులో గడ్డి కోసే యంత్రంలో పడి ఎడమ చేతి ఉంగరపు వేలు పోయింది. ఆ రోజుల్లో సైనిక విమాన దళంలో చేరాలంటే అవయవాలన్నీ సవ్యంగా ఉండాలి. అయితే వైద్య నిబంధనల ప్రకారం ఎడమ చేతి ఉంగరపు వేలు లేకపోయినా విమానం నడపడానికి అడ్డు కాదు. మరో వేలు పోయి ఉంటే ఆయన కథ ఇంకోలా ఉండేది. స్లేటన్ జీవితంలో నియమావళి ఆయనకు కలిసొచ్చిన మొదటి సందర్భం అది.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడుపుతూ యూరప్‌లో 56 దాడుల్లో, జపాన్ మీద మరో 7 దాడుల్లో పాల్గొన్నారు. యుద్ధం ముగిశాక మినెసోటా విశ్వవిద్యాలయంలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివి 1949లో పట్టా పుచ్చుకున్నారు. కొరియా యుద్ధ కాలంలో మళ్లీ వైమానిక దళంలోకి వచ్చి, కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో టెస్ట్ పైలట్ అయ్యారు. కొత్త విమానాన్ని దాని హద్దుల దాకా తోసి, ఎక్కడ విరుగుతుందో చూసి, బతికి కిందికి దిగి రిపోర్టు రాయడం ఆ ఉద్యోగం. 1958 చివర్లో నాసా మనుషులను అంతరిక్షంలోకి పంపే మెర్క్యురీ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వెతికింది సరిగ్గా ఇలాంటివారి కోసమే.

508 మందిలో ఏడుగురు

మెర్క్యురీ కోసం నాసా పెట్టిన షరతులు చూస్తే ఆనాటి ఆలోచన అర్థమవుతుంది. వయసు 40 దాటకూడదు. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలకు మించకూడదు, ఎందుకంటే ఆ గుళిక అంతే. డిగ్రీ ఉండాలి, టెస్ట్ పైలట్ శిక్షణ పొంది ఉండాలి, కనీసం 1,500 గంటలు విమానం నడిపి ఉండాలి. 508 మంది సైనిక పైలట్ల రికార్డులు తిరగేస్తే 110 మంది అర్హులుగా తేలారు. వడపోతలన్నీ అయ్యాక 32 మంది వైద్య పరీక్షలకు ఒప్పుకున్నారు.

ఆ పరీక్షలు న్యూమెక్సికోలోని ఆల్బుకెర్కీలో, డాక్టర్ రాండాల్ఫ్ లవ్‌లేస్ క్లినిక్‌లో జరిగాయి. లవ్‌లేస్ కుర్చీలో కూర్చుని సలహాలు చెప్పే మనిషి కాదు. 1943లో ఎత్తు మీద ప్రాణవాయువు పరికరాలు ఎలా పనిచేస్తాయో చూడటానికి 40 వేల అడుగుల పైనుంచి తానే పారాచూట్‌తో దూకి, కుదుపుకు స్పృహ తప్పి, చేతి తొడుగు ఊడిపోయి, చలికి చెయ్యి గడ్డకట్టి నేల మీద పడినవాడు. ఆయన క్లినిక్‌లో శరీర ధర్మ పరిశోధన చూసిన ఉల్రిచ్ లుఫ్ట్‌కూ అలాంటి గతమే ఉంది. 1937లో కశ్మీర్ ప్రాంతంలోని నంగా పర్బత్ మీద మంచు చరియ విరిగిపడి ఏడుగురు జర్మన్ పర్వతారోహకులు, తొమ్మిది మంది షేర్పాలు నిద్రలోనే సమాధి అయినప్పుడు, కింది శిబిరంలో ఉండటం వల్ల బతికిన సభ్యుడు లుఫ్ట్. ఎత్తు పెరిగే కొద్దీ మనిషి శరీరం ఏమవుతుందన్నది వాళ్లకు పుస్తకాల్లో చదువుకున్న విషయం మాత్రమే కాదు.

అయినా బరువు లేని స్థితిలో గుండె, కళ్లు, చెవిలోని సమతౌల్య వ్యవస్థ ఎలా ప్రవర్తిస్తాయో అప్పటికి ఎవరికీ తెలియదు. ఏం వెతకాలో తెలియనప్పుడు అన్నీ వెతుకుతారు. వారం రోజుల పాటు రక్తం, మూత్రం, మలం, వీర్యం, కళ్లు, చెవులు, ఊపిరితిత్తులు అన్నీ పరీక్షించారు. చెవిలో ఐసు నీళ్లు పోసి కళ్లు తిరగడం ఎంతసేపటికి తగ్గుతుందో కొలిచారు. ఇక తొక్కలేనంత దాకా సైకిల్ తొక్కించారు. తర్వాత ఒహాయోలోని రైట్ వైమానిక వైద్య ప్రయోగశాలలో వేడి గది, మంచు నీళ్లలో పాదాలు, చీకటి గదిలో ఒంటరితనం, చెవులు చిల్లులు పడే చప్పుడు, మానసిక పరీక్షలు.

32 మందిలో లవ్‌లేస్ క్లినిక్ దగ్గరే ఆగిపోయినవాడు ఒక్కడే, జిమ్ లోవెల్. రక్తంలో బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉంది. తర్వాతి విడతలో ఎంపికైన అదే లోవెల్ నాలుగుసార్లు అంతరిక్షంలోకి వెళ్లి, చంద్రుడిని చుట్టి, దెబ్బతిన్న అపోలో-13ను క్షేమంగా ఇంటికి తెచ్చారు. ఆ ఒక్క ఉదాహరణ చాలు, ఆనాటి జల్లెడకు కన్నాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పడానికి. ఆ తర్వాత రెండేళ్లలో లవ్‌లేస్ నాసాతో సంబంధం లేకుండా మహిళా పైలట్లకూ ఇవే పరీక్షలు పెట్టారు. 19 మంది హాజరైతే 13 మంది నెగ్గారు. శరీరాలు నెగ్గినా వారికి దారి తెరుచుకోలేదు. జెట్ టెస్ట్ పైలట్ అయి ఉండాలన్న షరతే గోడ అయింది, ఆ ఉద్యోగంలోకి సైన్యం ఆడవారిని తీసుకోదు కాబట్టి.

1959 ఏప్రిల్ 9న నాసా ఏడుగురి పేర్లు ప్రకటించింది. వారిలో స్లేటన్ ఒకరు. దేశంలోనే అత్యంత కఠినమైన వైద్య పరీక్షలు దాటి వచ్చిన ఏడు శరీరాలుగా పత్రికలు వారిని ఆకాశానికెత్తాయి.

లయ తప్పింది

నాలుగు నెలలు తిరక్కుండానే, 1959 ఆగస్టులో, పెన్సిల్వేనియాలోని జాన్స్‌విల్‌లో సెంట్రిఫ్యూజ్ శిక్షణ సమయంలో స్లేటన్ నాడి సక్రమంగా లేదని ఫ్లైట్ సర్జన్ విలియం డగ్లస్ గమనించారు. తేలింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు ఒక క్రమంలో ముడుచుకోవడానికి బదులు వణుకుతాయి, నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది. కొందరిలో ఇది ఆయాసం, కళ్లు తిరగడం తెస్తుంది, రక్తం గడ్డకట్టి పక్షవాతానికీ దారితీయవచ్చు. స్లేటన్‌కు అవేవీ లేవు. ఉండి ఉండి వస్తుంది, ఒకటి రెండు రోజులు ఉంటుంది, పోతుంది. గట్టిగా పరుగెత్తితే సర్దుకునేది కూడా. లవ్‌లేస్ క్లినిక్‌లో వారం పాటు జరిగిన పరీక్షల్లో అది బయటపడకపోవడానికి కారణం కూడా అదే. రోజూ ఉండని జబ్బును ఒక వారపు పరీక్ష పట్టుకోలేదు.

నాసా అప్పటికి ఆయనను కొనసాగించింది. శిక్షణ సాగింది. జాన్ గ్లెన్ 1962 ఫిబ్రవరిలో భూమిని చుట్టి వచ్చాక తర్వాతి వంతు స్లేటన్‌ది. ఆయన తన గుళికకు డెల్టా-7 అని పేరు కూడా అనుకున్నారు. సరిగ్గా అప్పుడే పాత ఫైలు మళ్లీ తెరుచుకుంది. వైమానిక దళ వైద్యుల బృందం ఆయన పనికొస్తారనే చెప్పింది. కానీ పైస్థాయి అధికారులు అంతటితో ఆగకుండా ముగ్గురు ప్రముఖ హృద్రోగ నిపుణులను అడిగారు: ప్రాక్టర్ హార్వే, థామస్ మాటింగ్లీ, యూజీన్ బ్రాన్‌వాల్డ్. మన దేశంలో కార్డియాలజీ చదివినవారందరికీ పాఠ్యగ్రంథం పేరుగా పరిచయమైన బ్రాన్‌వాల్డే ఈయన.

వారు ఇచ్చిన అభిప్రాయం గమనించదగ్గది. స్లేటన్ గుండె అంతరిక్షంలో మొరాయిస్తుందని వారు అనలేదు, మొరాయించదనీ అనలేదు. ఏదీ ఖాయంగా చెప్పలేమన్నారు. కాబట్టి ఈ సమస్య లేని మరో వ్యోమగామి సిద్ధంగా ఉంటే అతన్నే పంపడం మేలన్నారు. అంటే స్లేటన్‌ను ఆపింది జబ్బు కాదు, అనిశ్చితి. దానికి తోడు బయట మరో ఆరుగురు వరుసలో ఉండటం. అభ్యర్థులు ఎక్కువ, సీట్లు తక్కువ ఉన్న చోట వైద్యుడు జాగ్రత్త వైపే మొగ్గుతాడు. ఏదైనా జరిగితే ప్రపంచమంతా చూస్తుండగా ప్రభుత్వం జవాబు చెప్పుకోవాలన్న భయం ఆ జాగ్రత్తను ఇంకా పెంచింది. మే 24న స్లేటన్ స్థానంలో స్కాట్ కార్పెంటర్ వెళ్లి వచ్చారు. కొద్దికాలానికే ఆయన ఒంటరిగా జెట్ విమానం నడపడానికీ వీల్లేకుండా పోయింది, పక్కన మరో పైలట్ ఉండాల్సిందే. టెస్ట్ పైలట్‌కు అంతకుమించిన చిన్నతనం ఉండదు. 1963 నవంబర్‌లో ఆయన వైమానిక దళానికి రాజీనామా చేశారు.

కుర్చీ మారింది

మిగతా ఆరుగురూ కలిసి స్లేటన్‌నే తమకు పెద్దగా ఉండమన్నారు. బయటి అధికారి ఎవరో వచ్చి పెత్తనం చేయడం కంటే తమవాడే నయమనుకున్నారు. అలా మొదలైన పదవి, తర్వాత విమాన సిబ్బంది కార్యకలాపాల డైరెక్టర్ హోదాగా పెరిగింది. జెమిని, అపోలో యాత్రల్లో ఎవరు ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించింది ప్రధానంగా ఆయనే. చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందాన్ని ఎంపిక చేసిందీ ఆయనే.

వైద్యుల తీర్పులను తోటివారికి చేరవేసే పని కూడా ఆయన మీదే పడింది. తొలి అమెరికన్ వ్యోమగామి అలన్ షెపర్డ్ లోపలి చెవి జబ్బుతో నేలకు పరిమితమై, 1968లో శస్త్రచికిత్స చేయించుకుని, 1971లో అపోలో-14తో చంద్రుడి మీదికి వెళ్లారు. 1970లో అపోలో-13 బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు కెన్ మాటింగ్లీకి రుబెల్లా సోకే ప్రమాదం ఉందని తప్పించారు. ఆయనకు ఆ జబ్బు రానే లేదు. ఇలాంటి నిర్ణయాల బరువు ఎలా ఉంటుందో స్లేటన్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే ఆయన కూడా ఆ వ్యవస్థలో భాగమే. 1963లో ఎంపికైన మూడో బృందంలో, వైమానిక దళం సిఫారసు చేసిన నల్లజాతి పైలట్ ఎడ్ డ్వైట్‌కు చోటు దక్కలేదు. అప్పటికి స్లేటన్ ఎంపిక చేసే వైపు ఉన్నారు. ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్న కేవలం వైద్య ప్రశ్నగా ఎన్నడూ లేదని చెప్పడానికి ఆ పేరు ఒక్కటి చాలు.

51 ఏళ్ల కొత్త వ్యోమగామి

పదేళ్ల పాటు ఇతరులను పంపిస్తూ కూడా స్లేటన్ తన ఆశను వదల్లేదు. సిగరెట్లు మానేశారు, కాఫీ, మద్యం తగ్గించారు, వ్యాయామం వదల్లేదు, విటమిన్లు వాడారు. 1970 తర్వాత గుండె లయ తప్పడం ఆగిపోయింది. వీటిలో ఏది పనిచేసిందో, లేక దానంతట అదే తగ్గిందో వైద్యులు తేల్చలేకపోయారు. 1971 డిసెంబర్‌లో మేయో క్లినిక్‌లో యాంజియోగ్రామ్ చేయించుకున్నారు. ఆ రోజుల్లో అది ప్రమాదం లేని పరీక్ష కాదు. గుండె రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని తేలింది. 1972 మార్చి 13న, దాదాపు సరిగ్గా పదేళ్లకు, నాసా ఆయనను మళ్లీ ప్రయాణానికి అర్హుడిగా ప్రకటించింది.

అప్పటికి చంద్రయాత్రలు ముగింపుకు వచ్చాయి. మిగిలింది సోవియట్ యూనియన్‌తో కలిసి చేయాల్సిన అపోలో-సోయజ్ యాత్ర. అందులో చోటు కోసం ఆయన డైరెక్టర్ పదవి వదులుకుని, తనకంటే చిన్నవాడైన టామ్ స్టాఫర్డ్ నాయకత్వంలో, వాన్స్ బ్రాండ్‌తో కలిసి, రష్యన్ భాష నేర్చుకుంటూ మళ్లీ విద్యార్థి అయ్యారు. 1975 జులై 15న రాకెట్ లేచింది. 17న రెండు దేశాల నౌకలు కలిశాయి, అలెక్సీ లియోనోవ్, వలేరీ కుబసోవ్‌లతో అమెరికన్లు చేతులు కలిపారు. 51 ఏళ్ల స్లేటన్ అప్పటిదాకా అంతరిక్షంలోకి వెళ్లినవారందరిలో పెద్దవారు.

ఆ యాత్ర ప్రసారాలను భూమికి చేరవేసిన ఏటీఎస్-6 ఉపగ్రహమే మరో రెండు వారాలకు, 1975 ఆగస్టు 1 నుంచి, ‘సైట్’ ప్రయోగంలో భాగంగా భారతదేశంలో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించింది. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తెలుగు పల్లెల్లో చాలామంది మొట్టమొదట టీవీ చూసింది ఆ ఉపగ్రహం పుణ్యానే.

ఊపిరితిత్తి మీద మచ్చ

జులై 24న తిరిగి వస్తున్నప్పుడు, పారాచూట్ల వ్యవస్థను ఆన్ చేయడంలో జరిగిన పొరపాటు వల్ల థ్రస్టర్ల నుంచి వెలువడే విషవాయువు నైట్రోజన్ టెట్రాక్సైడ్ గుళికలోకి చొరబడింది. బ్రాండ్ స్పృహ తప్పారు. స్టాఫర్డ్ ఆక్సిజన్ మాస్కులు అందించారు. ముగ్గురినీ హొనలూలూలో ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయేమో చూద్దామని ఎక్స్‌రే తీస్తే, స్లేటన్ ఎడమ ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ కనిపించింది. వాయువుకూ దానికీ సంబంధం లేదు. క్యాన్సర్ కావచ్చని భయపడి శస్త్రచికిత్స చేశారు. అది ప్రమాదం లేని గడ్డ అని తేలింది.

ఆ మచ్చ ప్రయాణానికి ముందే బయటపడి ఉంటే ఏమయ్యేది? స్లేటన్ రెండోసారి కూడా నేల మీదే ఆగిపోయేవారు, ఈసారి శాశ్వతంగా. హాని చేయని గుండె లయను పట్టుకున్న వ్యవస్థ ఆయనను 13 ఏళ్లు ఆపింది. కంగారు పెట్టే గడ్డను పట్టుకోలేకపోయిన అదే వ్యవస్థ ఆయనను అంతరిక్షంలోకి పంపింది. రెండు సందర్భాల్లోనూ ఫలితాన్ని నిర్ణయించింది ఆరోగ్యం కంటే, ఎప్పుడు ఏది కంటపడిందన్నదే. వైద్య పరీక్షలు పనికిరావని దీని అర్థం కాదు. అవి ప్రమాదాన్ని తగ్గిస్తాయి, భవిష్యత్తును చెప్పవు.

నీళ్ల సరుకుతో ప్రైవేటు రాకెట్

స్పేస్ షటిల్ తొలి ల్యాండింగ్ పరీక్షలు నడిపించాక, 1982లో స్లేటన్ నాసా నుంచి రిటైరయ్యారు. హ్యూస్టన్‌లో కొద్దిమంది ఉద్యోగులున్న స్పేస్ సర్వీసెస్ అనే కంపెనీకి అధ్యక్షుడయ్యారు. 1982 సెప్టెంబర్ 9న టెక్సస్ తీరంలోని మటగోర్డా దీవి నుంచి ఆ కంపెనీ కోనెస్టోగా-1 రాకెట్‌ను ప్రయోగించింది. పాత మినిట్‌మాన్ క్షిపణి రెండో దశ మోటారును కొని తయారుచేసిన ఆ రాకెట్ మోసింది నీళ్లే. అది 300 కిలోమీటర్లకు పైగా ఎగిరింది. పూర్తిగా ప్రైవేటు డబ్బుతో అంతరిక్షాన్ని తాకిన మొదటి రాకెట్ అదే.

ప్రైవేటు రాకెట్ వదలాలంటే ఎవరి అనుమతి కావాలో కూడా అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆ అయోమయమే 1984లో వాణిజ్య ప్రయోగాల చట్టం రావడానికి ఒక కారణమైంది. మరుసటి ఏడాది, చనిపోయినవారి చితాభస్మాన్ని కక్ష్యలోకి పంపుతామన్న సెలెస్టిస్ సంస్థ ప్రతిపాదనకు అమెరికా రవాణా శాఖ అనుమతి తెలిపింది. ప్రయోగించాల్సింది స్లేటన్ కంపెనీ. ఏ వైద్య పరీక్షా అక్కర్లేని ప్రయాణికులు వారు. ఆ యాత్ర జరగలేదు. 1989 మార్చిలో మాత్రం, కొత్త చట్టం కింద లైసెన్సు పొందిన తొలి అమెరికన్ వాణిజ్య ప్రయోగం ఆ కంపెనీ పేరిటే నమోదైంది.

స్లేటన్‌కు 1992లో మెదడులో క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసింది. 1993 జూన్ 13న టెక్సస్‌లోని లీగ్ సిటీలో, 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అన్నేళ్లు అందరూ భయపడిన గుండె ఆయనను చివరిదాకా ఇబ్బంది పెట్టలేదు.

సంతకం ఎవరిది

ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 2001లో, 60 ఏళ్ల వ్యాపారి డెన్నిస్ టిటో సొంత డబ్బుతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. కక్ష్యలో రోజుల తరబడి ఉండే ఇలాంటి ప్రయాణాలకు ఇప్పటికీ పరీక్షలు కఠినమే. 2004లో గ్రెగరీ ఓల్సన్‌ను ఊపిరితిత్తి మీద మచ్చ కారణంగానే శిక్షణ నుంచి ఆపేశారు. ఏడాది తర్వాత అనుమతి పొంది, 2005 అక్టోబర్‌లో ఆయన వెళ్లి వచ్చారు. స్లేటన్ విషయంలో జరగకుండా తప్పిపోయింది సరిగ్గా ఇదే.

కొన్ని నిమిషాల్లో ముగిసే ప్రయాణాల సంగతి వేరు. 2004 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ప్రయాణికుడికి ప్రమాదాలన్నీ రాతపూర్వకంగా చెప్పి, అతని సంతకం తీసుకుంటే చాలు. వైద్య ప్రమాణాలు ఇవీ అని ప్రభుత్వం నిర్దేశించలేదు. ప్రయాణికుల భద్రతపై కొత్త నిబంధనలు పెట్టకుండా ఉన్న నిషేధాన్ని 2028 జనవరి దాకా పొడిగించారు కూడా. బ్లూ ఆరిజిన్ అడిగిన వాటిలో ఒకటి, ఏడంతస్తుల మెట్లు 90 సెకన్లలో ఎక్కగలగడం. లవ్‌లేస్ క్లినిక్ వారం రోజుల నరకంతో పోలిస్తే అది సాయంకాలపు వ్యాయామం.

దీని వల్ల మేలు జరిగింది. 1961లో లవ్‌లేస్ పరీక్షలు నెగ్గిన వాలీ ఫంక్, 2021లో 82 ఏళ్ల వయసులో షెపర్డ్ పేరు పెట్టిన రాకెట్‌లోనే వెళ్లారు. 2024 మే 19న విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర అదే రకం రాకెట్‌లో వెళ్లినప్పుడు, ఆయనతో పాటు వెళ్లిన ఐదుగురిలో ఒకరు ఎడ్ డ్వైట్, 90 ఏళ్ల వయసులో. 1963లో మూసుకుపోయిన తలుపు 61 ఏళ్లకు తెరుచుకుంది.

కానీ బరువు అటు నుంచి ఇటు మారింది. స్లేటన్ కాలంలో అనిశ్చితిని ప్రభుత్వం మోయలేక ఆయనను ఆపింది. ఇప్పుడు ఆ అనిశ్చితిని ప్రయాణికుడి సంతకం మోస్తోంది. గుండెకు స్టెంటు, మధుమేహం, పేస్‌మేకర్ ఉన్నవారి శరీరం ఐదు రెట్ల గురుత్వాకర్షణను, ఆ వెంటనే బరువులేనితనాన్ని ఎలా తట్టుకుంటుందో వైద్యులకు తెలిసింది ఇంకా తక్కువే. అది పెరగాలంటే ఆరోగ్యవంతులు కానివారు కూడా వెళ్లి రావాలి, వారి వివరాలు దాచకుండా వైద్యులకు అందాలి. కంపెనీలు తమ లెక్కలను తమ దగ్గరే ఉంచుకుంటే, తర్వాత వచ్చే ప్రయాణికుడు దేనికి ఒప్పుకుంటున్నాడో అతనికే తెలియదు.

స్లేటన్ అంతరిక్షంలో గడిపింది మొత్తం 217 గంటల 28 నిమిషాలు.